మట్టి ట్రాక్‌కు ఏ హెల్మెట్?

ఐరోపా ప్రమాణం ప్రకారం హెల్మెట్లను పరీక్షించే ప్రయోగశాలలో లోహంతో చేసిన తల నమూనాకు హెల్మెట్ తొడిగి, ఉక్కు దిమ్మె మీద పడేస్తారు. ప్రధాన పరీక్షలో అది దిమ్మెను తాకే వేగం సెకనుకు 7.5 మీటర్లు. గంటకు లెక్కేస్తే 27 కిలోమీటర్లు. మన కాలనీ రోడ్డు మీద స్కూటీ అంతకన్నా జోరుగానే పోతుంది. వేలకు వేలు పోసి కొన్న హెల్మెట్ ఇచ్చే భరోసా ఇంతేనా అని ఎవరికైనా అనుమానం రావాలి. రావడం న్యాయమే. కాకపోతే ఇక్కడ చూడాల్సింది బండి ముందుకు ఎంత వేగంగా పోతోందని కాదు, తల నేలను ఎంత వేగంగా గుద్దుకుంటుందని. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో జారిపడ్డ రైడర్ అడ్డమేదీ తగలకుండా రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాడనుకుందాం. అతని తల నేలకు తగిలే నిలువు వేగం, ఆ తల ఎంత ఎత్తు నుంచి పడిందో దాన్నిబట్టే ఉంటుంది. సెకనుకు 7.5 మీటర్లంటే దాదాపు 2.9 మీటర్ల ఎత్తు నుంచి పడటం. బండి మీద కూర్చున్న మనిషి తల అంత ఎత్తులో ఉండదు. రోడ్డు మీద ఎక్కువ ప్రమాదాలకు ఈ కొలత సరిపోతుందనడానికి ఒక కారణం అదే.

మట్టి ట్రాక్ మీద ఎగిరి దూకే పోటీ అయిన మోటోక్రాస్‌లో ఈ లెక్క చెదిరిపోతుంది. జంప్ మీద నుంచి లేచిన రైడర్ మూడు మీటర్లు దాటి గాలిలో ఉండటం అక్కడ మామూలు విషయం. దిగేచోట వాలు ఉంటే బతికిపోతాడు. అంచనా తప్పి చదును నేల మీద పడితే ప్రయోగశాల ఊహించిన వేగం దాటిపోతుంది. మట్టి మెత్తగా ఉండటం ఒక ఊరట. అయితే ఆ మెత్తదనమే ఇంకో చిక్కు తెస్తుంది: హెల్మెట్ ముందున్న పీక్, గడ్డం ముందుకు పొడుచుకొచ్చిన చిన్ బార్ మట్టిలో గుచ్చుకుని తలను ఒక్కసారిగా మెలితిప్పగలవు. వెనక వచ్చే బండి ఫుట్‌పెగ్గో హ్యాండిలో వచ్చి తగిలే ప్రమాదం సరేసరి. ఇంత తేడా ఉన్నా అమెరికా ప్రమాణంలోగానీ, ఐరోపా ప్రమాణంలోగానీ మోటోక్రాస్‌కంటూ విడిగా దెబ్బ పరీక్ష లేదు. హైవే హెల్మెట్‌కూ మట్టి హెల్మెట్‌కూ ప్రశ్నపత్రం ఒకటే. అందుకే వెనక అంటించిన ముద్రలను లెక్కపెట్టుకుని ‘మూడున్నాయి, చాలు’ అనుకోవడం కన్నా, ఒక్కో ముద్ర ఏ పరీక్షకు గుర్తో తెలుసుకోవడం మేలు.

ఈ పరీక్షల కథ ఒక చావుతో మొదలైంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండ్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, కొన్నాళ్లు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. తర్వాత ఆయన మోటార్‌సైకిల్ రైడర్ల తల గాయాలను వరసగా పరిశీలించి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెల్మెట్ ఎంత అవసరమో రాశాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం తన మోటార్‌సైకిల్ రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఆ రోజుల్లో హెల్మెట్లు పైన గట్టిగా, లోపల పట్టీలతో ఉండేవి. తలకూ పైపెంకుకూ మధ్య దెబ్బను మింగే పొర ఉండాలన్న ఆలోచనకు 1950ల్లో అమెరికాలో చార్లెస్ లంబార్డ్ తదితరుల పరిశోధన రూపమిచ్చింది. 1956లో పీట్ స్నెల్ అనే కారు రేసర్ పోటీలో తల గాయంతో చనిపోగా, మరుసటి ఏడాది అతని పేరుతో స్నెల్ ఫౌండేషన్ పుట్టింది. మోటోక్రాస్ రైడర్లు మాత్రం ఇంకా చాలాకాలం మూతి తెరిచి ఉండే హెల్మెట్లతోనే, మహా అయితే నోటి దగ్గర ఒక ప్లాస్టిక్ తొడుగుతో నెట్టుకొచ్చారు. గడ్డాన్ని కప్పే మట్టి హెల్మెట్ 1970ల ఆరంభంలో బెల్ కంపెనీ ‘బెల్ మోటో’ తెచ్చాకే వాడుకలోకి వచ్చింది.

ఇప్పటి హెల్మెట్‌లో ప్రాణం కాపాడేది ప్రధానంగా పైపెంకు కింద ఉండే తెల్లటి లేదా నల్లటి థర్మోకోల్ లాంటి పొర. ఇంజనీర్లు దాన్ని ఈపీఎస్ అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగడానికి మరికొన్ని మిల్లీసెకన్ల వ్యవధి ఇస్తుంది. ఆగే దూరం పెరిగితే మెదడు మీద పడే తాకిడి తగ్గుతుంది. పైపెంకు చేసే పని ఆ దెబ్బను కొంత మేర పరచడం, పదునైనది లోపలికి దిగకుండా ఆపడం. నలిగిన ఈపీఎస్ మళ్లీ పొంగదు. పైన గీత కూడా పడని హెల్మెట్ లోపల చచ్చిపోయి ఉండొచ్చు.

అమెరికా ముద్ర ‘డాట్’. దాని వెనకున్న ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 218 అనే నిబంధన 1974 మార్చి నుంచి అమల్లో ఉంది. హెల్మెట్‌ను బల్లపరుపు దిమ్మె మీద సెకనుకు 6 మీటర్ల వేగంతో, గుండ్రటి దిమ్మె మీద 5.2 మీటర్ల వేగంతో పడేస్తారు. తలకు చేరే తాకిడి గురుత్వాకర్షణకు 400 రెట్లు, అంటే 400 జీ దాటకూడదు. అంకె వింటే సడలింపు ఎక్కువిచ్చారనిపిస్తుంది. కానీ దాంతోపాటు ఇంకో కట్టడి ఉంది: 200 జీ పైన 2 మిల్లీసెకన్లకు మించి, 150 జీ పైన 4 మిల్లీసెకన్లకు మించి ఉండకూడదు. ఈ కాలపు హద్దు వల్లే తయారీదారులు లోపలి పొరను మరీ గట్టిగా చేయలేరు. డాట్‌లో అసలు బలహీనత అంకెల్లో లేదు. తయారీదారు తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంటాడు. ప్రభుత్వ సంస్థ తర్వాత దుకాణాల నుంచి కొన్నింటిని కొని పరీక్షించి, తప్పితే చర్య తీసుకుంటుంది. అంటే కొనేవాడి చేతికి వచ్చేనాటికి ఆ హెల్మెట్‌ను బయటివాళ్లెవరూ చూసి ఉండకపోవచ్చు. పైగా చిన్ బార్ బలాన్ని డాట్ పరీక్షించదు. మూతి ముందుగా నేలకు తగలడం మోటోక్రాస్‌లో ఎంత మామూలో తెలిసినవాళ్లకు ఇది చిన్న లోటు కాదు. డాట్ ఒక్కటే ఉన్న మట్టి హెల్మెట్‌ను పక్కన పెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఐరోపాది వేరే దారి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం రూపొందించిన ఈసీఈ 22 నిబంధనలో, అమ్మకానికి ముందే బయటి ప్రయోగశాల పరీక్షించాలి. తర్వాత తయారీలోనూ విడతల వారీగా నమూనాలు తీసి చూడాలి. ఇరవై ఏళ్ల పాటు నడిచిన 22.05ను పక్కకు నెట్టి, 2020లో ఆమోదించిన 22.06 వచ్చింది. మార్పు గణనీయమైనది. ఒకే వేగం బదులు మూడు వేగాలు పెట్టారు: సెకనుకు 6.0, 7.5, 8.2 మీటర్లు. తక్కువ వేగంలో పెట్టిన పరీక్షకు ప్రత్యేక కారణం ఉంది. పెద్ద దెబ్బకు తగ్గట్టు మరీ గట్టిగా చేసిన పొర చిన్న దెబ్బకు నలగకుండా, ఆ తాకిడిని తలకే చేరవేస్తుంది. అందుకే 6 మీటర్ల వేగంలో హద్దు 180 జీ, మిగతా రెంటిలో 275 జీ. ముద్ర చదవడం కూడా కష్టమేమీ కాదు. వలయంలో ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’, పక్కన ఆమోదించిన దేశం సంఖ్య ఉంటాయి: 1 జర్మనీ, 3 ఇటలీ, 9 స్పెయిన్. హెల్మెట్ ఎక్కడ తయారైందో ఆ సంఖ్య చెప్పదు. తర్వాత వచ్చే ఆమోద సంఖ్య 06తో మొదలైతే కొత్త ప్రమాణం, 05తో మొదలైతే పాతది. చివర ఉండే అక్షరం మట్టి రైడర్‌కు అన్నిటికన్నా ముఖ్యం. ‘పీ’ ఉంటే చిన్ బార్‌ను దెబ్బకు పరీక్షించారు. ‘ఎన్‌పీ’ ఉంటే ఆ గడ్డపు భాగం రక్షణ ఇవ్వదని తయారీదారే ఒప్పుకున్నట్టు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

స్నెల్ ముద్ర స్వచ్ఛందం. కావాలనుకున్న కంపెనీలే డబ్బు కట్టి పరీక్షకు వెళ్తాయి. ఒకే చోట రెండుసార్లు కొట్టడం, అంచులాంటి దిమ్మె మీద పడేయడం, చిన్ బార్ మీద బరువు జారవిడిచి ఎంత వంగిందో కొలవడం దీని ప్రత్యేకతలు. ఎక్కువ శక్తిని తట్టుకోవాలంటే లోపలి పొర గట్టిగా ఉండాలి. గట్టిపొర చిన్న దెబ్బలకు మంచిది కాదు. ఈ తగాదాను 2005లో అమెరికన్ పత్రిక ‘మోటార్‌సైక్లిస్ట్’ బజారుకెక్కించింది. వివిధ ప్రమాణాల హెల్మెట్లను పక్కపక్కన పెట్టి పడేసి చూసి, మామూలు ప్రమాదాల్లో స్నెల్ హెల్మెట్లు తలకు ఎక్కువ తాకిడి చేరుస్తున్నాయని ఆ వ్యాసం వాదించింది. చిన్న తలకూ పెద్ద తలకూ ఒకే బరువు నమూనా వాడటంపైనా విమర్శలొచ్చాయి. తేలికైన తలకు గట్టి హెల్మెట్ మరింత చేటు కదా. స్నెల్ మొదట దీటుగా బదులిచ్చినా, ఎం2010 అనే కొత్త ప్రమాణంతో తల పరిమాణాన్ని బట్టి బరువులు మార్చుకుంది. ఎం2020లో ఏకంగా రెండు శాఖలుగా చీలింది: డాట్‌తో కలిసి నడిచేది ‘డి’, ఐరోపా పరీక్షలతో కలిసి నడిచేది ‘ఆర్’. ‘స్నెల్ ఉంటే చాలు’ అన్న పాత మాటకు ఇప్పుడు ‘ఏ స్నెల్?’ అన్న ఎదురు ప్రశ్న ఉంది.

పై పరీక్షలన్నిటిలోనూ తల నిట్టనిలువుగా పడుతుంది. నిజం ప్రమాదంలో అలా పడటం అరుదు. ఏటవాలుగా తగిలి, తల గిర్రున తిరుగుతుంది. పెరుగు కుండను చటుక్కున తిప్పితే కుండ తిరుగుతుంది గానీ లోపలి పెరుగు వెంటనే తిరగదు, గోడ దగ్గర చిరుగుతుంది. మెదడుకు జరిగేదీ దాదాపు అదే. స్టాక్‌హోమ్‌లో న్యూరోసర్జన్ హాన్స్ వాన్ హోల్స్ట్, కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడు పీటర్ హాల్డిన్ దీని మీద చేసిన పని నుంచి మిప్స్ పుట్టింది. లోపల ఒక పల్చటి జారుడు పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది హెల్మెట్‌ను తల మీద 10 నుంచి 15 మిల్లీమీటర్లు పక్కకు జరగనిస్తుంది. మోటోక్రాస్ ప్రపంచం ఇలాంటి ఏర్పాట్లను రోడ్డు బైకర్లకన్నా ముందే అందుకుంది. కాలిఫోర్నియాకు చెందిన 6డీ కంపెనీ రెండు ఈపీఎస్ పొరల మధ్య రబ్బరు డంపర్లు పెట్టి 2013లో తెచ్చిన ఏటీఆర్-1 మట్టి హెల్మెట్టే. దక్షిణాఫ్రికా వైద్యుడు క్రిస్ లియాట్ పెట్టిన కంపెనీ గుండ్రటి మెత్తని టర్బైన్లు వాడుతుంది.

చాలాకాలం ఇవన్నీ కంపెనీల మాటలే. ఏ ప్రమాణమూ మెలికను కొలిచేది కాదు. ఆ లోటును 22.06 పూడ్చింది. 45 డిగ్రీల వాలున్న గరుకు దిమ్మె మీద సెకనుకు 8 మీటర్ల వేగంతో పడేసి, తల తిరిగే త్వరణం సెకను వర్గానికి 10,400 రేడియన్లు దాటకూడదంది. ప్రపంచ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం అంతకన్నా కఠినంగా తన సొంత పరీక్ష పెట్టుకుంది. 2019లో మోటోజీపీలాంటి సర్క్యూట్ పోటీలతో మొదలై, రెండో దశలో మట్టి పోటీల హెల్మెట్లకూ విస్తరించింది. కాబట్టి షాపువాడు పసుపు రంగు మిప్స్ చుక్క చూపించి ఊరిస్తే కంగారు పడక్కర్లేదు. అది ఒక పరికరం పేరు, పరీక్ష ఫలితం కాదు. ఆ చుక్క లేకపోయినా 06 ముద్రలో మెలిక పరీక్ష దాటిన లెక్కే. చుక్క ఉండి 05 ముద్రే ఉంటే మాత్రం కంపెనీ మాటే దిక్కు.

మన దేశానికొస్తే చట్టం ఒక్కటే అడుగుతుంది: ఐఎస్‌ఐ ముద్ర. 2020 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జూన్ 1 నుంచి అమలై, ఐఎస్ 4151 ప్రమాణం దాటని ద్విచక్ర వాహన హెల్మెట్ తయారీ, అమ్మకం నేరమైంది. రోడ్డు పక్క తాడుకు వేలాడే హెల్మెట్ల మీదా ఐఎస్‌ఐ బొమ్మ కనిపిస్తుంది గానీ, స్టిక్కర్ అచ్చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అసలు ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్స్ బతికే ఉందో లేదో తెలిసిపోతుంది. ఎల్‌ఎస్2, యాక్సర్, ఎస్‌ఎంకే లాంటి పేర్లతో మన మార్కెట్లో దొరికే చాలా మోడళ్ల మీద ఐఎస్‌ఐ, ఈసీఈ రెండూ ఉంటున్నాయి. ట్రాక్‌కూ రోడ్డుకూ ఒకటే కొనాలనుకునేవారికి ఆ జోడీ సరైన దారి. విదేశం నుంచి చుట్టాలు తెచ్చిన ఖరీదైన ఈసీఈ హెల్మెట్ ట్రాక్ మీద ఎంత గొప్పదైనా, ఐఎస్‌ఐ లేకుండా రోడ్డెక్కితే చలాన్ రాసే కానిస్టేబుల్‌తో వాదన గెలవడం కష్టం.

ఇంకో మాట. పీక్ ఉన్న మోటోక్రాస్ ఆకారపు హెల్మెట్లు హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద ఫ్యాషన్ అయిపోయాయి. ఆ పీక్ పుట్టింది ఎండనూ, ముందు బండి చిమ్మే మట్టినీ ఆపడానికి. హైవే మీద వేగంగా పోతూ పక్కకు తల తిప్పితే అదే తెరచాపలా గాలిని పట్టి మెడను లాగుతుంది. రోడ్డు మీదే తిరిగేవారికి అందం తప్ప అందులో లాభం లేదు.

ముద్రల పని ఇంతటితో సరి. తలకు సరిపోకపోతే ఏ ముద్రా కాపాడదు. కనుబొమల పైన వేలెడు ఎత్తులో, తల వెనక బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలవాలి. ఆ కొలతతో దొరికేది మొదటి అంచనాయే. ఒకే 58 సెంటీమీటర్ల తల ఒకరిది కోలగా, మరొకరిది గుండ్రంగా ఉంటుంది. కంపెనీల అచ్చులూ అంతే. పెట్టుకున్నాక నుదుటి మీద ఒక్కచోటే నొక్కుతూ, కణతల దగ్గర ఖాళీ ఉంటే ఆ అచ్చు ఆ తలకు కాదు. సైజు పెంచితే నొప్పి తగ్గుతుంది, రక్షణా తగ్గుతుంది. కంపెనీ మార్చడమే మార్గం. కొత్త హెల్మెట్ చెంపలను బిగపట్టి, బుగ్గలు కాస్త ముందుకు నెట్టినట్టు ఉండాలి. చిన్ బార్ పట్టుకుని ఇటూ అటూ తిప్పితే హెల్మెట్‌తోపాటు చెంపల చర్మమూ కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారకూడదు. తర్వాత పట్టీ బిగించి, ఎవరినైనా వెనక అంచు పట్టి ముందుకు ఎత్తమనాలి. ఈసీఈ పరీక్షలోనూ ఇదే పని 10 కిలోల బరువును జారవిడిచి చేస్తారు, 30 డిగ్రీలకు మించి తిరిగితే తప్పినట్టే. దుకాణంలో చేసినప్పుడు కళ్ల మీదికి దిగి ఊడొచ్చేట్టుంటే డబ్బు కట్టకముందే వెనక్కిచ్చేయాలి. కొనే ముందు కనీసం పావుగంట తల మీద ఉంచుకుని చూడాలి. నొప్పి మొదటి నిమిషంలో తెలియదు.

దుకాణానికి గాగుల్స్ వెంట తీసుకెళ్లని రైడర్ సగం పనే చేసినట్టు. మట్టి హెల్మెట్‌కు అద్దం ఉండదు, చెమటా దుమ్మూ ఆవిరీ కలిసి అద్దాన్ని నిమిషంలో గుడ్డిది చేస్తాయి గనక. గాగుల్స్ ఫ్రేమ్ హెల్మెట్‌లో కళ్ల దగ్గరి ఖాళీలో పూర్తిగా కూర్చోవాలి, ముక్కును నొక్కి ఊపిరి ఆపకూడదు. మెడకు బ్రేస్ వాడేవారు అదీ వేసుకుని, తల వెనక్కి వాల్చి, హెల్మెట్ అంచు దాన్ని ఎక్కడ తాకుతుందో చూసుకోవాలి. పట్టీకి రెండు లోహపు డి రింగులే నమ్మకమైనవి. టక్కున పెట్టే క్లిప్పులు రోడ్డుకు హాయి గానీ, బురద నిండితే ఎలా ఉంటాయో ట్రాక్ మీద వాడినవారిని అడగాలి. పీక్‌ను పట్టి ఉంచే మరలు దెబ్బకు విరిగిపోయేలా లేదా ఊడిపోయేలా ఉండటం మంచి లక్షణం. ఊగుతోందని ఇంట్లో ఇనుప మరలు బిగించేవారు తమ మెడకు తామే మీట తగిలించుకుంటున్నారు.

ధర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాలికార్బొనేట్ పెంకైనా, ఫైబర్‌గ్లాసైనా, కార్బన్ ఫైబరైనా 22.06 హద్దు ఒకటే. ఎక్కువ డబ్బుకు ప్రధానంగా దొరికేది తక్కువ బరువు, మంచి గాలి, విప్పి ఉతుక్కునే లోపలి గుడ్డ. గంటల తరబడి ఎగిరి దూకే మెడకు బరువు తగ్గడం చిన్న సుఖం కాదు, ముఖ్యంగా పదేళ్ల పిల్లల మెడకు. ‘రేపు ఎదుగుతాడు కదా’ అని పిల్లలకు ఒక సైజు పెద్దది కొనడం బడి బూట్ల విషయంలో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

పడ్డాక జరిగేదాన్ని కొనేటప్పుడే ఆలోచించాలి. 2021 జనవరిలో సౌదీ అరేబియాలో డాకార్ ర్యాలీ నాలుగో దశలో బెంగళూరు రైడర్ సి.ఎస్. సంతోష్ పడిపోయి తలకు గాయమైనప్పుడు, వైద్యులు ఆయన్ను రియాద్ ఆస్పత్రిలో కృత్రిమ కోమాలో ఉంచారు. తర్వాత కోలుకున్నాడు. అలాంటి పోటీల్లో రైడర్ దగ్గరికి శిక్షణ ఉన్నవాళ్లు వస్తారు. మన ఊరి చెరువుగట్టు పక్క ట్రాక్‌లో మొదట పరుగెత్తుకొచ్చేది స్నేహితులు. వాళ్లు చేసే మొదటి పని హెల్మెట్ లాగేయడం. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ ఒక్క లాగుడుతో కాళ్లూ చేతులూ శాశ్వతంగా పోవచ్చు. ఊపిరి ఆడుతుంటే, అంబులెన్స్ వచ్చేదాకా తలను, మెడను కదలకుండా పట్టుకుని ఉండటమే సాయం. తీయక తప్పకపోతే ఇద్దరుండాలి: ఒకరు కింద నుంచి మెడను, గడ్డాన్ని పట్టి ఉంచితే మరొకరు మెల్లగా తీయాలి. ఇప్పుడు చాలా మోటోక్రాస్ హెల్మెట్లలో చెంపల ప్యాడ్లకు ఎర్రటి పట్టీలుంటాయి. అవి లాగితే ప్యాడ్లు ముందే బయటికొచ్చి హెల్మెట్ వదులవుతుంది. అవి ఎక్కడున్నాయో తనతో ట్రాక్‌కు వచ్చే ఇద్దరు ముగ్గురికి చూపించి ఉంచడం రైడర్ బాధ్యత.

సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ ఎంత తళతళలాడుతున్నా వద్దు. దాని ఈపీఎస్ ఎన్ని దెబ్బలు తిన్నదో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. పడితే మార్చాలి, పడకపోయినా అయిదేళ్లకు మార్చమని స్నెల్ సలహా. చెమట, జిగురు, సూర్యరశ్మి, పెట్రోలు ఆవిరి నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి. పాలికార్బొనేట్ పెంకు మీద రంగులు వేయించడం, థిన్నర్‌తో తుడవడం కూడా దాన్ని బలహీనం చేసే పనులే. పండగ ఆఫర్లలో సగం ధరకు వచ్చే మోటోక్రాస్ హెల్మెట్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. 2024 నాటికి 22.05 కింద తయారీ ఆగిపోవడంతో దుకాణాల్లో మిగిలిన పాత సరుకును ఇలా వదిలించుకుంటూ ఉండొచ్చు. లోపలి గుడ్డ ఎత్తి తయారీ తేదీ చూడాలి. పట్టీకి కుట్టిన తెల్ల పీలిక మీద ఆమోద సంఖ్య ఏ అంకెతో మొదలైందో, చివర ‘పీ’ ఉందో ‘ఎన్‌పీ’ ఉందో చదవాలి. ఆ తర్వాతే బేరం.